పొట్ట డయాలిసిస్ గొట్టం దగ్గర వాడే సామాను: మెడికల్ షాపులో ఏది తీసుకోవాలి, ఏది వద్దు

కిడ్నీలు పనిచేయనివాళ్లకు గొట్టం ద్వారా పొట్టలోకి నీళ్లు ఎక్కించి, కొన్ని గంటలకు దింపి రక్తం శుభ్రం చేసేదే పొట్ట డయాలిసిస్, అంటే పెరిటోనియల్ డయాలిసిస్ (పీడీ). అది మొదలైన ఇంటికి ఆ నీళ్ల బ్యాగుల బాక్సులు బండిలో వచ్చి దిగుతాయి. కానీ గొట్టం పొట్టలోంచి బయటికి వచ్చే చోటును, అంటే ఎగ్జిట్ సైట్‌ను, రోజూ చూసుకోవడానికి కావాల్సిన గాజ్ గుడ్డ, టేపు, ఆయింట్‌మెంట్, మాస్కులు, శానిటైజర్ చాలావరకు ఊళ్లోని మెడికల్ షాపులోనే కొనుక్కోవాల్సి వస్తుంది. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా, దేవరకొండ, అచ్చంపేట, గద్వాలలోనైనా డయాలిసిస్ గొట్టానికి అని అడిగితే కౌంటర్ మీదికి వచ్చే సరుకు ఇంచుమించు ఒకటే. అందులో సగం అక్కరకొస్తుంది. కొన్ని దండగ ఖర్చు. రెండు మూడు మాత్రం చేటు చేస్తాయి, వాటి గురించి గట్టిగానే చెప్పాలి.

ముందే మా మాట చెప్పేస్తాం. ఈ సైటు ఎక్కువగా పాడయ్యేది ఖరీదైన మందు లేక కాదు. గొట్టం గుంజుకుపోయి, డ్రెస్సింగ్ కింద చెమట నిలిచి, సరిగ్గా కడగని వేళ్లు తగిలి పాడవుతుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సింది టేపు, స్టెరైల్ గాజ్, మాస్కు, మంచి హ్యాండ్‌రబ్ మీద. రంగురంగుల యాంటీసెప్టిక్ సీసాల మీద కాదు.

టేపుతోనే మొదలుపెడదాం, అందరూ తేలిగ్గా తీసుకునేది దాన్నే. పొట్టలో వేసే మామూలు టెంకాఫ్ రకం గొట్టానికి రెండు డాక్రాన్ కఫ్‌లు, అంటే చుట్టూ అతికిన గుడ్డ పట్టీలు, ఉంటాయి. ఒకటి లోపల కండరం దగ్గర, రెండోది చర్మం కింద, బయటి రంధ్రానికి సుమారు 2 సెంటీమీటర్ల లోపల. కండ ఆ గుడ్డ పోగుల్లోకి పెరిగి గొట్టాన్ని పట్టి ఉంచుతుంది, బయటి క్రిములు లోపలికి పోకుండా ఆపేదీ ఆ పట్టే. గొట్టం ఒక్కసారి గట్టిగా లాగుకుపోతే ఆ కొత్త కండ చిట్లుతుంది, రంధ్రం అంచున కంటికి కనబడనంత గాయమవుతుంది. చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ అనే క్రిమికి ఆ మాత్రం సందు చాలు. రెండు మూడు రోజుల తర్వాత రసి కనబడితే మందు పనిచేయలేదని అనుకుంటారు. అసలు కారణం మొన్న రాత్రి పక్క మీద దొర్లినప్పుడు మోకాలికి చిక్కుకున్న ట్రాన్స్‌ఫర్ సెట్, అంటే గొట్టం బయటి కొసకు తగిలించి బ్యాగు కలిపే పొట్టి గొట్టం, అయి ఉంటుంది.

తీసుకోవాల్సింది ఒక అంగుళం వెడల్పున్న కాగితం లాంటి మైక్రోపోర్ టేపు. చర్మానికి గాలి ఆడుతుంది, తీసేటప్పుడు తోలు లేవదు. షాపులో దాని పక్కనే ఉండే తెల్లని గుడ్డ ప్లాస్టర్, అంటే జింక్ ఆక్సైడ్ ప్లాస్టర్, పట్టు బాగుంటుందని ఇస్తారు. దాన్ని రోజూ వాడితే ఏప్రిల్, మే నెలల్లో చర్మం కమిలిపోతుంది. జిగురు మరకలు మిగిలి వాటికి మట్టి పడుతుంది. ఆ జిగురు వదలాలని నెయిల్ పాలిష్ తీసే ద్రవమో, పెట్రోలో అద్దితే గొట్టమే దెబ్బతింటుంది. అసిటోన్ గొట్టం దరిదాపులకు రాకూడదు.

రెండు టేపులు వేయాలి. గొట్టం రంధ్రంలోంచి సహజంగా ఏ దిక్కుకు వస్తే ఆ దిక్కుకే పోనిచ్చి, మూడు నాలుగు వేళ్ల దూరంలో మొదటి టేపు. అక్కడి నుంచి మెల్లగా ఒక వంపు తిప్పి, ట్రాన్స్‌ఫర్ సెట్ కలిసే చోటికి కాస్త ముందు రెండో టేపు. రంధ్రం కిందికి చూస్తుంటే గొట్టాన్ని పైకి మడిచి అతికించవద్దు. అలా చేస్తే రంధ్రం పై అంచు రోజంతా ఒరుసుకుంటుంది, చెమట కూడా లోపలికే జారుతుంది. టేపు తీసేటప్పుడు ఒక చేత్తో చర్మం అదిమి పట్టి, టేపును వెనక్కి మడుస్తూ లాగాలి. రాకపోతే సెలైన్‌తో తడపాలి. కత్తెర మాత్రం పట్టుకోకండి. డ్రెస్సింగ్ విప్పబోయి గొట్టం కోసుకున్న సంగతి ఏ పీడీ నర్సును అడిగినా చెబుతుంది.

బెల్టు సంగతి. పీడీ కోసమే చేసిన నడుము బెల్టు జిల్లా షాపుల్లో దొరకడం అరుదు. దాని బదులు హెర్నియాకు, కాన్పు తర్వాత పొట్టకు కట్టే వెడల్పాటి ఎలాస్టిక్ బైండర్ చేతిలో పెడతారు. తీసుకోవద్దు. అది రంధ్రాన్ని అదిమిపెడుతుంది, లోపల చెమట ఆరదు, రెండు లీటర్ల నీళ్లున్న పొట్టను బిగిస్తుంది. అంతకంటే దర్జీ దగ్గర నాలుగు వేళ్ల వెడల్పు మెత్తటి నూలు గుడ్డతో పట్టీ కుట్టించుకుని, ముందు వైపు ట్రాన్స్‌ఫర్ సెట్ పట్టే చిన్న జేబు, వెనక వెల్క్రో పెట్టించుకోవడం మేలు. మూడు కుట్టించండి. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి ఎండలో. పట్టీ రంధ్రం మీదుగా పోకూడదు, దాని కిందుగానో పైగానో ఉండాలి.

ఇక్కడే మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటుంది. మొలతాడు, లంగా బొందు, లుంగీ ముడి, ప్యాంటు బెల్టు అన్నీ సరిగ్గా రంధ్రం పడే వరుసలోనే ఉంటాయి. అందుకే గొట్టం వేసే ముందే మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, బొందు కట్టే గీత చూసి చర్మం మీద గుర్తు పెట్టమని సర్జన్‌ను అడగాలి. ఇప్పటికే గొట్టం ఉన్నవాళ్లు మొలతాడు తీసి పక్కన పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ఆ దారాన్ని మణికట్టుకు కట్టుకోవచ్చు, చేతులు కడిగే ముందు మాత్రం తీసేయాలి.

ఇక మందు సీసాలు. పోవిడోన్ అయోడిన్ అడిగితే షెల్ఫులో ఒకే రంగులో మూడు రకాలుంటాయి. 5 శాతం, 10 శాతం అని ఉన్నవి సొల్యూషన్. 7.5 శాతం అని ఉన్నది స్క్రబ్, అందులో సబ్బు కలిసి ఉంటుంది, ఆపరేషన్‌కు ముందు చేతులు కడుక్కోవడానికి చేసింది అది. దాన్ని సైటుకు పూసి వదిలేస్తే సబ్బు ఎండి చర్మం దురదపెడుతుంది, ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసి ఇన్ఫెక్షన్ అని హడావుడి పడతారు. శాతం చదవకుండా సీసా తీసుకోవద్దు. సొల్యూషన్ అయినా పుండు పచ్చిగా ఉన్నప్పుడు పనికిరాదు, కొత్తగా వచ్చే కండను అది దెబ్బతీస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌దీ అదే దోషం. నురగ వస్తుంటే మురికి పోతోందని సంతోషపడతారు గానీ, మానుతున్న కండ కూడా దాంతో పోతుంది. సర్జికల్ స్పిరిట్ చర్మాన్ని ఎండబెట్టి పగలగొడుతుంది, పైగా పాలియురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన గొట్టాన్ని బలహీనపరుస్తుంది.

నీళ్లలో కలిపి వాడే క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్ మిశ్రమం కూడా ఇళ్లలో బాగా కనిపిస్తుంది. మూతతో ఇంత అని కలిపి సీసాలో నిలవ ఉంచుకుంటారు. పలుచగా కలిపి ఉంచిన ఆ నీళ్లలో సూడోమోనాస్ లాంటి క్రిములు బతికి పెరుగుతాయి. శుభ్రం చేయాలని పోసేది క్రిమిని తెచ్చి పోసినట్టవుతుంది. ఎగ్జిట్ సైట్‌కు సూడోమోనాస్ పట్టిందంటే వదిలించడం చాలా కష్టం, ఒక్కోసారి గొట్టమే తీసేయాల్సి వస్తుంది. ఈ సీసా వద్దు.

మరి దేనితో తుడవాలి? అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలిసిస్ సంఘం 2023లో సవరించిన సూచనల్లో ఫలానా ద్రవమే మేలని తేల్చలేదు. మా సిఫారసు అన్నిటికంటే సాదా సరుకు: నార్మల్ సెలైన్, 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంప్యూల్స్. మెడ విరిచి, ఒకసారికి వాడి, మిగిలింది పారబోయడమే. 100 మి.లీ. సెలైన్ బాటిల్ చవక అనిపిస్తుంది గానీ తెరిచాక ఒక్క రోజుకు మించి ఉంచకూడదు. పారేయడానికి చేతులు రాక నాలుగైదు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి వాడేస్తారు, అక్కడే తప్పు జరుగుతుంది. మీ పీడీ సెంటర్ వాళ్లు ఆల్కహాల్ లేని క్లోర్‌హెక్సిడిన్ గానీ, మానిన సైటుకు అయోడిన్ గానీ వాడమని చెప్పి ఉంటే అదే వాడండి. షాపువాడి మాట మీద మార్చొద్దు.

ఆయింట్‌మెంట్ దగ్గర కళ్లు పెట్టి చదవాలి. రోజూ సైటుకు రాయమని ఎక్కువమంది డాక్టర్లు రాసేది మ్యుపిరోసిన్ 2 శాతం, 5 గ్రాముల ట్యూబు. స్టాఫిలోకాకస్ ఆరియస్ మీద బాగా పనిచేస్తుంది. కొందరు జెంటమైసిన్ 0.1 శాతం క్రీము రాస్తారు, అది సూడోమోనాస్ మీద కూడా పనిచేస్తుంది. 2023 సూచనల్లో ఈ రోజువారీ పూత సిఫారసు బలం కొంత తగ్గించారు, అయినా మానేయమనలేదు. చీటీలో ఉంటే రాయండి, లేకపోతే సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఇక్కడ జరిగే పొరపాటు పెద్దది. అడిగిన ట్యూబు లేదని అదే పేరుతో, చివర ఒక అక్షరం ఎక్కువున్న ట్యూబు ఇస్తుంటారు. ఆ అక్షరం చాలాసార్లు స్టెరాయిడ్‌ది. బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అనే పేర్లలో ఏదైనా లేబుల్ మీద ఉంటే ఆ ట్యూబు వెనక్కిచ్చేయండి. జెంటమైసిన్ అడిగినప్పుడు ఇది మరీ ఎక్కువ, మన షాపుల్లో జెంటమైసిన్ క్రీము అంటే బీటామెథసోన్ కలిసిందే తరచు చేతికొస్తుంది. స్టెరాయిడ్ రాస్తే మొదట ఎరుపు, దురద తగ్గి హాయిగా ఉంటుంది. లోపల క్రిమి మాత్రం నిశ్చింతగా పెరుగుతుంది, చర్మం పలచబడుతుంది, ఫంగస్ పట్టొచ్చు. ఇంకో సంగతి, మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంట్‌లో ఉండే పాలిథిలిన్ గ్లైకాల్ పాలియురెథేన్ గొట్టాన్ని కాలక్రమంలో తినేస్తుంది. ఎక్కువమందికి వేసేది సిలికాన్ గొట్టమే కాబట్టి ఇబ్బంది ఉండదు, అయినా మీది ఏదో సెంటర్‌లో అడిగి డైరీలో రాసుకోండి. మోతాదు పెసరగింజంత చాలు. ట్యూబు మూతి చర్మానికి తాకించవద్దు. స్టెరైల్ గాజ్ కొసన పిండి, రంధ్రం చుట్టూ పలచగా రాయాలి. మందంగా రాస్తే అక్కడ చర్మం నాని మెత్తబడుతుంది.

పసుపు, విభూతి, కొబ్బరి నూనె, టాల్కం పౌడర్, పుండ్ల మీద చల్లే యాంటీసెప్టిక్ పొడి, ఇవేవీ రంధ్రం దగ్గరికి రాకూడదు. పొడి ఏదైనా చెమటతో కలిసి గడ్డకట్టి గొట్టం చుట్టూ పేరుకుంటుంది.

గాజ్ విషయంలో బేరం ఆడొద్దు. ఒక్కొక్కటి విడిగా కాగితపు కవర్లో సీలు చేసిన స్టెరైల్ గాజ్, 10 సెంటీమీటర్ల చదరం, రోజుకు రెండు మూడు పడతాయి. తాను చుట్టగా అమ్మే గాజ్ స్టెరైల్ కాదు, కత్తిరించిన కొద్దీ పోగులు ఊడి రంధ్రంలో ఇరుక్కుంటాయి. దూది కూడా అంతే. పారదర్శకంగా ఉండి నీళ్లు పోని ప్లాస్టిక్ ఫిల్మ్ డ్రెస్సింగ్ చూడ్డానికి ఆధునికంగా ఉంటుంది, ధరా ఎక్కువే. ఎండ 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో దాని కింద చెమట చేరి చర్మం తెల్లగా నానిపోతుంది. రోజూ వాడుకకు వద్దంటాం. నేసిన గుడ్డలాగా గాలి ఆడే అంటుడు డ్రెస్సింగ్ ఉంటుంది, అది నయం. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు, పొలం పనికి పోయేవాళ్లకు దాని మీద పెట్టే డబ్బు వృథా కాదు. పూర్తిగా మానిన సైటుకు డ్రెస్సింగ్ తప్పనిసరి కాదని 2023 సూచనలు చెబుతున్నాయి, కానీ ఊకదుమ్ము, ఎండుగడ్డి, పశువుల కొట్టం ఉన్న చోట కప్పి ఉంచడమే మా అభిప్రాయం. చెమటకు తడిస్తే వెంటనే మార్చాలి, రోజుకు రెండుసార్లయినా సరే.

కొత్తగా గొట్టం వేసిన వాళ్లకు లెక్క వేరు. మొదటి డ్రెస్సింగ్ తడవకపోతే, రక్తం కారకపోతే ఇంట్లో ముట్టుకోకూడదు. సెంటర్ చెప్పిన రోజున నర్సే మారుస్తుంది. సైటు మానడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అప్పటిదాకా ఒంటి మీద నీళ్లు పోసుకునే స్నానం లేదు, తడిగుడ్డతో తుడుచుకోవడమే.

మానిన సైటుకు రోజువారీ శుభ్రం ఇలా ఉంటుంది. తలుపు వేసి, ఫ్యాను ఆపి, మాస్కు పెట్టుకుని, చేతులు కడిగి, పాత డ్రెస్సింగ్ తీయండి. తీసిన గాజ్‌ను పారేసే ముందు తిప్పి చూడండి. పొడిగా ఉందా, పసుపు మరకా, రక్తమా, వాసన ఉందా? ఇది రోజూ చేసే పరీక్ష, దీనికి డబ్బు ఖర్చు లేదు. తర్వాత వేలితో చర్మం కింద గొట్టం పోయిన దారి వెంబడి కఫ్ దగ్గర నుంచి రంధ్రం వైపు మెల్లగా నొక్కుతూ రండి. నొప్పి ఉన్నా, గట్టిగా తగిలినా, రంధ్రంలోంచి ఏదైనా ఊరినా ఆ రోజే ఫోన్ చేయాలి. మళ్లీ చేతులకు హ్యాండ్‌రబ్ రాసుకుని, సెలైన్‌లో తడిపిన గాజ్‌తో రంధ్రం దగ్గర మొదలుపెట్టి బయటికి గుండ్రంగా తుడవండి. బయటికి పోయిన గాజ్ మళ్లీ లోపలికి రాకూడదు, రెండో చుట్టుకు కొత్తది. పొక్కు కట్టి ఉంటే గోటితో గీకవద్దు. సెలైన్ గాజ్ మూడు నాలుగు నిమిషాలు అద్ది ఉంచితే మెత్తబడి దానంతటదే వస్తుంది, రాకపోతే రేపు వస్తుంది. పొడి గాజ్‌తో తడి లేకుండా అద్ది, మందు రాసి, గాజ్ పెట్టి, టేపు వేయాలి. మొత్తం పది నిమిషాల పని.

రోజూ కుదరకపోతే వారానికి కనీసం రెండుసార్లు, స్నానం చేసిన ప్రతిసారీ. స్నానం అంటే కుళాయి లేదా షవర్ ధార కింద. బక్కెట్లో నిలిచిన నీళ్లు చెంబుతో పోసుకునేవాళ్లు ఆ నీళ్లు సైటు మీద పడకుండా కప్పుకోవాలి, అయ్యాక వెంటనే డ్రెస్సింగ్ మార్చాలి. బావిలో ఈత, చెరువులో మునగడం, కృష్ణ పుష్కరాల్లో నదీస్నానం, బీచుపల్లి దగ్గరైనా, నాగార్జునసాగర్ దగ్గరైనా, గొట్టం ఉన్నన్నాళ్లు లేవు. తల మీద నీళ్లు చల్లుకోవడంతో సరిపెట్టుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్న సైటు ఎలా ఉంటుందో మనసులో పెట్టుకోండి. రంధ్రం చుట్టూ చర్మం మామూలు రంగులో, పొడిగా, గొట్టాన్ని పట్టుకుని ఉంటుంది. మన చామనఛాయ, నలుపు చర్మాల మీద ఎరుపు స్పష్టంగా తెలియదు. అంచు కందినట్టు నల్లబడటం, చేయి పెడితే వెచ్చగా ఉండటం, ఉబ్బు, ముట్టుకుంటే నొప్పి, వీటిని చూడాలి. చీము కనబడితే అది ఎగ్జిట్ సైట్ ఇన్ఫెక్షనే, ఎరుపు ఉన్నా లేకపోయినా. అప్పుడు పైపూతలు మార్చుకుంటూ కూర్చోవద్దు. చీమును కల్చర్‌కు, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకు, పంపి, దానికి తగ్గ మందు డాక్టరే ఇవ్వాలి. షాపులో అడిగి తెచ్చుకున్న మూడు రోజుల మాత్రలు క్రిమిని చంపవు, కల్చర్‌లో దొరకకుండా దాస్తాయి.

చేతుల సరుకుకు వద్దాం. హ్యాండ్‌రబ్ కొనేటప్పుడు ఆల్కహాల్ 60 శాతానికి పైన ఉందో లేదో చూడండి, 70 శాతం అయితే నిశ్చింత. ఆల్కహాల్ లేదని గొప్పగా రాసి ఉన్నవి దీనికి పనికిరావు. 500 మి.లీ. సీసా, పైన నొక్కే పంపు ఉన్నదే తీసుకోండి, మూత తిప్పే సీసా అయితే కడిగిన చేత్తో మళ్లీ మూత పట్టుకోవాల్సి వస్తుంది. అరచేతి గుంట నిండా పోసుకుని, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొసలు తడిసేలా రుద్ది, దానంతట అది ఆరేదాకా ఆగాలి, 20 నుంచి 30 సెకన్లు. లుంగీకి తుడుచుకుంటే చేసిందంతా పోయినట్టే. అంతకుముందు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కోవాలి. ఉప్పు బోరు నీళ్లున్న ఊళ్లలో సబ్బు నురగ సరిగా రాదు, లిక్విడ్ సబ్బు వాడి కాస్త ఎక్కువసేపు రుద్దండి. కడిగాక ఇంటిల్లిపాదీ వాడే తువ్వాలతో తుడుచుకోవద్దు. టిష్యూ పేపర్, లేదా చేతులకోసమే రోజూ ఉతికి పెట్టిన చిన్న గుడ్డ. ఉంగరాలు, గాజులు, చేతి దారాలు తీసేయాలి. గోళ్లు పొట్టిగా ఉండాలి.

మాస్కు మూడు పొరల సర్జికల్‌ది, ముక్కు దగ్గర తీగ ఉన్నది. దస్తీ కట్టుకోవడం, చీర కొంగు అడ్డం పెట్టుకోవడం మాస్కు కాదు. స్టాఫిలోకాకస్ ఆరియస్ చాలామంది ముక్కులోనే కాపురం ఉంటుంది. బ్యాగు కలిపేటప్పుడు ఒక తుమ్ము చాలు. రోగికి, చేసేవాళ్లకు, ఆ గదిలో ఉన్న అందరికీ మాస్కు ఉండాలి. 50 మాస్కుల డబ్బా తీసుకుంటే లెక్కగా వస్తుంది.

జంట బ్యాగు పద్ధతికి మా పూర్తి మార్కులు. నిండు బ్యాగు, ఖాళీ బ్యాగు, వై ఆకారపు గొట్టం ముందే కలిసి వస్తాయి కాబట్టి బయట కలిపే చోటు ఒక్కటే. కలిపాక ముందు పొట్టలోని నీళ్లు దింపి, ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ సెట్ మూసి, కొత్త నీళ్లను కాసేపు ఖాళీ బ్యాగులోకే వదలాలి, నెమ్మదిగా అయిదు లెక్కపెట్టేంతసేపు. కలిపే చోట ఏదైనా క్రిమి తగిలి ఉంటే ఆ ధారలో కొట్టుకుపోతుంది. తొందరలో దీన్ని వదిలేసేవాళ్లున్నారు. పొట్ట ఇన్ఫెక్షన్ తగ్గించిన అసలు ఉపాయమే ఇది, ఎట్టి పరిస్థితిలోనూ మానొద్దు.

బ్యాగు విడదీశాక ట్రాన్స్‌ఫర్ సెట్ కొసకు పెట్టే క్యాపు చిన్న వస్తువు, కానీ దగ్గరగా చూడదగ్గది. లోపల అయోడిన్‌లో తడిసిన గోధుమరంగు స్పాంజి ఉంటుంది. కవరు చింపగానే స్పాంజి తడిగా ఉందో లేదో చూడండి. ఎండి ఉంటే, కవరుకు చిల్లు ఉంటే పక్కన పడేసి ఇంకొకటి తీసుకోండి. ఒక క్యాపు ఒక్కసారే. కడిగి, ఆరబెట్టి మళ్లీ పెట్టడం ఎంత పొదుపుగా అనిపించినా అది నేరుగా పొట్టలోకి క్రిమిని పంపడమే. ట్రాన్స్‌ఫర్ సెట్ ఆరు నెలలకోసారి సెంటర్‌లో మార్పించాలి. మార్చిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

బ్యాగుల నిల్వకు ఒక్క మాట. రోజుకు నాలుగుసార్లు నీళ్లు మార్చడమంటే నెలకు 120 బ్యాగులు, రెండు లీటర్ల చొప్పున 240 కిలోలకు పైన బరువు. నేల మీద వద్దు, చెక్క బల్ల మీద, గోడకు జానెడు దూరంగా పేర్చాలి. ఎలుకలు బాక్సు అడుగు నుంచి కొరుకుతాయి, సన్నటి చిల్లు బయటి కవర్లో కనబడదు. అందుకే వాడే ముందు బ్యాగును రెండు చేతులతో గట్టిగా ఒత్తి చూడాలి, తడి తగిలితే పారేయాలి. నీళ్లలోని చక్కెర గాఢత 1.5, 2.5, 4.25 శాతాల్లో ఏదో, గడువు తేదీ, నీళ్ల తేటదనం కూడా అప్పుడే చూడాలి. వేడి చేయడానికి పొడి వేడినిచ్చే హీటింగ్ ప్యాడ్ కొనండి. వేడినీళ్ల గిన్నెలో ముంచితే మూతి దగ్గర నీళ్లు చేరతాయి, మైక్రోవేవ్‌లో ఒకచోట మరుగుతుంది, ఒకచోట చల్లగా ఉంటుంది. రేకుల ఇంట్లో మే నెలలో అసలు వేడి చేసే పనే ఉండదు, పైగా బ్యాగు ఒంటికంటే వేడిగా ఉంటుంది. ముంజేతి లోపలివైపు ఆనించి చూసి, చురుక్కుమంటే చల్లని గదిలో పెట్టి ఆగాలి. ఫ్యాను లేకుండా కూర్చోలేని ఎండలో కూడా క్యాపు తీసి కలిపేటప్పుడు, విడదీసి క్యాపు పెట్టేటప్పుడు ఫ్యాను, కూలర్ ఆగాల్సిందే. ఆ రెండూ కలిపి రెండు మూడు నిమిషాలే.

చెయ్యి జారి గొట్టం కొస చీరకో, మంచానికో తగిలితే దాచుకోవద్దు. ట్రాన్స్‌ఫర్ సెట్ మూసే ఉంటే కొత్త క్యాపు పెట్టి, నీళ్లు లోపలికి ఎక్కించకుండా సెంటర్‌కు పోయి సెట్ మార్పించుకోవాలి. తెరిచి ఉండి తగిలినా, తగిలాక నీళ్లు లోపలికి పోయినా సెట్ మార్చడంతో పాటు ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ కూడా కావాలి. గొట్టం చిట్లి కారుతుంటే చిల్లుకు, పొట్టకు మధ్య గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు వేయాలి. అందుకే ప్లాస్టిక్ క్లాంపులు రెండు సెంటర్‌లో అడిగి తెచ్చుకోండి, మన షాపుల్లో దొరకవు.

దిగిన నీళ్ల బ్యాగును తెల్లటి గచ్చు మీద పెట్టి, కింద వార్తాపత్రిక పరిచి చూడండి. అక్షరాలు కనబడకుండా నీళ్లు కలకగా, బియ్యం కడిగిన నీళ్లలా ఉంటే, పొట్ట నొప్పి ఉన్నా లేకపోయినా అది పొట్ట ఇన్ఫెక్షన్ కిందే లెక్క, తెల్లారేదాకా ఆగొద్దు. దారపు పోగుల్లాంటివి ఒకటి రెండు తేటనీళ్లలో తేలితే అది చాలావరకు ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగు, నర్సుకు ఫోన్‌లో చెబితే సరిపోతుంది. కలక నీళ్ల బ్యాగును పారబోయకుండా మూతి బిగించి, అలాగే వెంట తీసుకుపోవాలి. ల్యాబులో మైక్రోలీటరుకు తెల్లకణాలు 100 దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అనే రకం కణాలున్నాయా అని చూస్తారు, కల్చర్ పెడతారు. ఆ నీళ్లు పొట్టలో ఎన్ని గంటలున్నాయో కూడా రాసుకుపోండి, రెండు గంటలకంటే తక్కువైతే లెక్క తప్పుగా రావచ్చు. మందు ఎక్కువగా బ్యాగులోనే కలిపి పొట్టలోకి ఇస్తారు. యాంటీబయాటిక్ నడిచే రోజుల్లో ఫంగస్ రాకుండా నిస్టాటిన్ గానీ, ఫ్లూకోనజోల్ గానీ కావాలేమో డాక్టర్‌ను అడగండి. మలబద్ధకం ఉంటే పేగులోని క్రిములు పొట్టలోకి చేరే వీలుంటుంది కాబట్టి అదీ చెప్పండి.

నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు, అచ్చంపేట, దేవరకొండ అవతలి పల్లెల నుంచి రాత్రిపూట బండి దొరకడమే కష్టం. తలుపు పక్క మేకుకు ఒక సంచి తగిలించి ఉంచండి. అందులో మూడు కొత్త క్యాపులు, రెండు క్లాంపులు, నాలుగు మాస్కులు, చిన్న హ్యాండ్‌రబ్, స్టెరైల్ గాజ్ అయిదు, మైక్రోపోర్ ఒకటి, ఒక కొత్త జంట బ్యాగు, కలక నీళ్ల బ్యాగు పెట్టుకోవడానికి మందపాటి ప్లాస్టిక్ కవరు, వాడే మందుల చీటీ, అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసిన పీడీ సెంటర్ నంబరు. క్యాపుల గడువు తేదీ మూడు నెలలకోసారి చూసి మార్చండి.